మీ సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు అడగడం ఎప్పుడు మొదలుపెట్టాలి

"ప్రొడక్ట్ ఇంకా పూర్తవలేదు, ఇంకో రెండు ఫీచర్లు వచ్చాక ఛార్జ్ చేద్దాం." హైదరాబాద్‌లో అయినా విజయవాడలో అయినా, ఏ చిన్న స్టార్టప్ ఆఫీసుకి వెళ్లినా ఈ మాట వినపడుతుంది. ఆ రెండు ఫీచర్లు వస్తాయి, వాటి వెనకాలే ఇంకో మూడు కావాలని తేలుతుంది, ఈలోపు ఏడాది గడిచిపోతుంది, ఉద్యోగం చేసినప్పుడు దాచుకున్న డబ్బు కూడా అయిపోవస్తుంది, అయినా వాడేవాళ్లలో ఎవరు డబ్బిస్తారో ఎవరివ్వరో ఒక్కరి గురించీ తెలియదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు అడగాల్సిన రోజుని మీ ఫీచర్ల లిస్టు చూసి నిర్ణయించకండి, వాడేవాళ్ల పని చూసి నిర్ణయించండి. మీ సాఫ్ట్‌వేర్ రేపు పొద్దున ఆగిపోతే నిజంగా ఇబ్బంది పడేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? ఉంటే ఆ ఒక్కరిని అడిగే పని ఈ నెలలోనే మొదలుపెట్టండి. మిగతా యాభై మంది సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఒక ఉదాహరణ పట్టుకుని మాట్లాడుకుంటే తేలిక. ప్రైవేటు స్కూళ్లకి ఫీజులు, అటెండెన్సు, పేరెంట్స్‌కి మెసేజ్‌లు చూసుకునే సాఫ్ట్‌వేర్ అనుకుందాం. గుంటూరులోనో కరీంనగర్‌లోనో నాలుగు వందల మంది పిల్లలుండే స్కూలు. కరస్పాండెంట్ ఒకాయన, ఆఫీసులో క్లర్కు ఒకావిడ, ఫీజు రసీదు పుస్తకాలు, వాటికి తోడు ఒక ఎక్సెల్ షీటు. క్లినిక్‌కి అయినా, కోచింగ్ సెంటర్‌కి అయినా, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సుకి అయినా ఆలోచించాల్సిన తీరు దాదాపు ఇదే.

అసలు మీకు ఫ్రీ అవసరమా

ఫ్రీగా ఇవ్వడంలో తప్పేమీ లేదు. కానీ ఫ్రీగా వాడే మనిషి వల్ల మీకు ఏదో ఒకటి రావాలి. అతను చేరితే మిగతావాళ్లకి ఉపయోగం పెరగాలి, లేదంటే అతని కోసం డబ్బిచ్చే ఇంకొకరు ఉండాలి. వాట్సాప్‌లో ఒక్కరే ఉంటే దానికి విలువ లేదు, ఊరంతా ఉంటేనే ఉంది. రెడ్‌బస్‌ని తీసుకోండి, మన ఫణీంద్ర సామ తన స్నేహితులతో కలిసి 2006లో మొదలుపెట్టింది. టికెట్ కొనేది ప్రయాణికుడు, కానీ కంపెనీకి కమిషన్ ఇచ్చింది బస్సు ఆపరేటరు. ఖాళీ సీటుతో బస్సు బయల్దేరితే ఆ సీటు డబ్బు ఇక ఎప్పటికీ రాదు, అందుకే దాన్ని నింపినవాళ్లకి వాటా ఇవ్వడం ఆపరేటర్‌కి కష్టమనిపించదు. అక్కడ ఎవరు డబ్బివ్వాలన్నది ముందే తేలింది, అమ్మిన టికెట్ మీదే వాటా కాబట్టి ఎప్పుడు అడగాలన్న గొడవే లేదు.

ఇంతవరకూ చెప్పగానే "మరి జియో సంగతేంటి" అంటారు. జియో 2016 సెప్టెంబరు 5న మొదలై 2017 మార్చి 31 దాకా డేటా, కాల్స్ ఫ్రీగా ఇచ్చింది, పది కోట్ల మంది దాటాక 99 రూపాయల ప్రైమ్ మెంబర్‌షిప్ పెడితే మార్చి నెలాఖరుకి 7.2 కోట్ల మంది కట్టారని కంపెనీయే ప్రకటించింది. నిజమే, కానీ ఆ నెట్‌వర్కు మీద అప్పటికే వేల కోట్లు పెట్టేశారు, అది ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా ఖర్చు పెద్దగా మారదు, నెలల తరబడి ఆగగలిగే స్తోమత వాళ్లకుంది. మన స్కూలు సాఫ్ట్‌వేర్‌కి ఇందులో ఏ ఒక్కటీ వర్తించదు. పక్క వీధి స్కూలు చేరితే ఈ స్కూలుకి ఒరిగేదేమీ లేదు. డబ్బిచ్చే మూడో మనిషి లేడు. పిల్లల ఫోన్ నంబర్లు, వివరాలు ఎవరికో అమ్ముకోవచ్చన్న ఆలోచన మాత్రం రానే కూడదు. అలాంటప్పుడు ఫ్రీగా ఇవ్వడానికి మిగిలే కారణం ఒక్కటే, అడిగితే వెళ్లిపోతారేమోనన్న భయం. అడిగితే వెళ్లిపోయేవాళ్లు ఎవరో తెలుసుకోవడానికే అడగాలి.

వరస గురించి కూడా ఒక మాట. షేర్ల బ్రోకరు జెరోధా 2010లో మొదలైనప్పుడే ఆర్డర్‌కి 20 రూపాయలని ధర పెట్టింది, డెలివరీ ట్రేడ్ల మీద, అంటే కొని దాచుకునే షేర్ల మీద బ్రోకరేజీ తీసేసింది 2015 డిసెంబరులో. అంటే ముందు డబ్బు తీసుకున్నారు, కంపెనీ నిలబడ్డాక ఒక భాగం ఫ్రీ చేశారు. ఈ వరస నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ధర తగ్గించినప్పుడు కోపం తెచ్చుకునే కస్టమర్ ఉండడు, ఫ్రీగా ఇచ్చిందానికి ధర పెట్టినప్పుడు మాత్రం ప్రతి ఒక్కరికీ సమాధానం చెప్పుకోవాలి.

ఏ గుర్తులు చూడాలి

డౌన్‌లోడ్లు, డెమోకి వచ్చినవాళ్లు, "చాలా బావుంది సార్" అన్నవాళ్లు, వీటిని లెక్కలోకి తీసుకోకండి. క్లర్కు ఏం చేస్తోందో చూడండి. ఆవిడ రసీదు పుస్తకం పక్కన పెట్టేసిందా, లేక పుస్తకంలో రాసి, సాయంత్రం తీరిగ్గా మీ దాంట్లో మళ్లీ ఎక్కిస్తోందా? రెండు చోట్లా రాస్తోందంటే ఆవిడకి మీ మీద ఇంకా నమ్మకం కుదరలేదు, ఆ స్కూలుని ఇప్పుడే అడగకండి, ఎందుకు రెండు చోట్లా రాయాల్సి వస్తోందో అడగండి. పుస్తకం మానేసిన రోజు మీకు చాలా పెద్ద రోజు. ఇంకో గుర్తు, జూన్‌లో ఫీజులు కట్టే రద్దీలో ఓ పూట సర్వర్ ఆగిపోయిందనుకోండి, ఎంతమంది ఫోన్ చేశారు? ముప్పై స్కూళ్లు ఉంటే నలుగురే చేశారంటే మీకు ఉన్నవి నాలుగు స్కూళ్లే, మిగతా ఇరవై ఆరు మీ డాష్‌బోర్డులో మాత్రమే ఉన్నాయి. కోప్పడుతూ ఫోన్ చేసిన కరస్పాండెంట్ పేరు రాసి పెట్టుకోండి, మొదటి ఇన్వాయిస్ ఆయనకే.

పాత క్లర్కు మానేసి కొత్తావిడ వస్తే, మిమ్మల్ని పిలవకుండానే స్కూల్లో వాళ్లే ఆవిడకి నేర్పించారంటే అది ఇంకా గట్టి గుర్తు. ఒక కరస్పాండెంట్ ఇంకో కరస్పాండెంట్‌కి మీ నంబరు ఇచ్చాడంటే అది కూడా.

మరి అడగకూడని పరిస్థితి ఏంటి? ఒక్క పని అయినా మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా జరగకపోతే అడగకూడదు. ఫీజు రసీదులో బకాయి తప్పు చూపిస్తోంది, కట్టేసిన తండ్రికి మళ్లీ కట్టమని మెసేజ్ వెళ్తోంది, ఇలాంటివి ఉన్నంతకాలం డబ్బు మాట ఎత్తకండి, ఎందుకంటే మీ తప్పుకి ఆ స్కూలు పేరు పోతుంది. కానీ అటెండెన్సు రిపోర్టు అందంగా లేదనో, మొబైల్ యాప్ ఇంకా రాలేదనో ఆగక్కర్లేదు. ఫీజులు ఒక టర్మ్ పాటు సరిగ్గా వసూలై లెక్క కుదిరిందా? చాలు.

"చూద్దాం అండీ" అంటే ఏమిటి

ఈ భాగం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే మనవాళ్లు మొహం మీద కాదనరు. "దీనికి డబ్బు పెడతారా సార్" అని అడిగితే, ఎదురుగా కూర్చోబెట్టి టీ తెప్పించి, "తప్పకుండా, మన కుర్రాళ్లు ఇంత కష్టపడి చేస్తున్నారు, ఎందుకు పెట్టం" అంటారు. అది మర్యాద. ఆ మాట నమ్మి పది మందిని పనిలో పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. అందుకే పెడతారా అని అడగొద్దు. ధర, తేదీ, ఎలా కట్టాలో చెప్పి, అక్కడితో మాట ఆపి, ఆయన ఏమంటాడో వినండి. ఇలా:

"సార్, మార్చి దాకా మీరు మా దగ్గర ఫ్రీగా వాడారు, చాలా థాంక్స్. జూన్ నుంచి పిల్లాడికి ఏడాదికి 40 రూపాయలు తీసుకుంటున్నాం. మీ స్కూలుకి 400 మంది కదా, 16 వేలు అవుతుంది. ఇన్వాయిస్ మీ పేరు మీద రాయమంటారా, ట్రస్టు పేరు మీదా?"

తర్వాత వచ్చే మాటల్లో తేడాలు గమనించండి. "చూద్దాం అండీ" అంటే వద్దు అని. "జూన్‌లో గుర్తు చేయండి" అంటే ఇంకా ఏమీ అనుకోలేదని, నిజంగానే జూన్‌లో గుర్తు చేయాలి. "మా అకౌంటెంట్‌తో మాట్లాడండి" అంటే సగం ఒప్పుకున్నట్టు, అకౌంటెంట్ నంబరు వెంటనే అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే అది కూడా "చూద్దాం" కిందికే వస్తుంది. ఇక "అబ్బో, 16 వేలా, పక్క స్కూలుకి ఎంతకిచ్చారు, పదికి చెయ్యండి" అన్నారనుకోండి, సంతోషించండి. కొనే ఉద్దేశం లేనివాడు బేరం ఆడడు. కొత్త ఫౌండర్లకి బేరం అవమానంలా అనిపిస్తుంది, కానీ ఆ గదిలో జరిగిన మాటల్లో నమ్మదగ్గది అదొక్కటే. బేరంలో ఊరికే తగ్గించకండి, దేనికైనా బదులుగా తగ్గించండి: ఏడాది డబ్బు ముందే కడితే ఇంత, ఇంకో స్కూలుని పరిచయం చేస్తే ఇంత.

బంధువుల స్కూళ్ల గురించి. మొదటి యూజర్లు చాలామందికి బాబాయి స్కూలో, అమ్మ పనిచేసే స్కూలో అయ్యుంటాయి, అక్కడ మొహమాటం అడ్డొస్తుంది. అయినా అడగండి, ధర అదే చెప్పండి, తగ్గింపు ఇవ్వాలనుకుంటే ఇన్వాయిస్ మీద పూర్తి ధర రాసి కింద తగ్గింపు రాయండి. "బాబాయ్, నీ దగ్గర తీసుకోకపోతే ఇది పని చేస్తోందో లేదో నాకు తెలియదు" అంటే అర్థం చేసుకుంటాడు. బాబాయి కూడా కట్టకుండా దాటేస్తే ఆ విషయం బయటివాళ్ల దగ్గరికి వెళ్లకముందే తెలిసింది, అది మీకు లాభమే.

వాడేది క్లర్కు, డబ్బిచ్చేది కరస్పాండెంట్, ఇది కూడా మర్చిపోకండి. క్లర్కు ఎంత మెచ్చుకున్నా చెక్కు మీద సంతకం ఆవిడది కాదు. కరస్పాండెంట్‌కి ఆవిడ పని తేలికైందా లేదా అన్నదానికంటే బకాయిలు ఎంత వసూలయ్యాయన్నది ముఖ్యం, అందుకని అడగడానికి వెళ్లేటప్పుడు ఆ స్కూలుదే ఒక కాగితం తీసుకెళ్లండి: ఈ టర్మ్‌లో మీ మెసేజ్‌లు వెళ్లిన వారంలోపు కట్టిన పేరెంట్స్ ఎంతమంది, ఎంత మొత్తం. మీ ప్రొడక్టు ఆ అంకె చూపించలేకపోతోందంటే, అనుకున్న ఆ రెండు ఫీచర్లూ పక్కన పెట్టి ముందు ఈ రిపోర్టు చేయండి.

మీ ఖర్చే తొందరపెట్టే సందర్భాలు

కొన్ని ప్రొడక్టులకి ఆగే అవకాశమే ఉండదు. మెసేజ్‌కి 15 పైసలు పడుతుందనుకోండి, 400 మంది పిల్లలకి నెలకి తలా పది మెసేజ్‌లు వెళ్తే స్కూలుకి 600 రూపాయలు. ముప్పై స్కూళ్లు ఫ్రీగా వాడుతుంటే నెలకి 18 వేలు మీ జేబులోంచి పోతున్నాయి, ఇంకో ముప్పై చేరితే మీరు సంబరపడాల్సింది పోయి టెన్షన్ పడతారు. యూజర్ పెరిగితే నష్టం పెరిగే ప్రొడక్టుని ఫ్రీగా పెంచకూడదు. కనీసం మెసేజ్ ఖర్చయినా మొదటి రోజు నుంచే స్కూలు చేత కట్టించండి, వాళ్లు ఇంతకుముందు ఎస్సెమ్మెస్ ప్యాక్ కొనుక్కున్నవాళ్లే కాబట్టి దానికి అభ్యంతరం చెప్పరు, పైగా డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం అలవాటవుతుంది. ఏఐ మీద నడిచే ప్రొడక్టులకి ఇది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది: యూజర్ అడిగే ప్రతి ప్రశ్నకీ మీకు టోకెన్ల (ఏఐ చదివే, రాసే మాటల ముక్కల) లెక్కన బిల్లు పడుతుంది, "అన్‌లిమిటెడ్ ఫ్రీ" అని రాసి ఒక్క వారం వదిలేసినా చేతులు కాలతాయి. ఇన్ని ప్రశ్నల దాకా ఫ్రీ, ఆ తర్వాత డబ్బు అని మొదటి రోజే రాసేయండి.

ఫ్రీగా వచ్చే జనం వల్ల వేరే భారం కూడా ఉంటుంది. ప్రోగ్రామర్ల యాప్‌లని తన సర్వర్ల మీద నడిపిపెట్టే హెరోకు 2022 ఆగస్టులో తన ఫ్రీ ప్లాన్లు ఆపేస్తున్నట్టు ప్రకటించి నవంబరు 28న ఆపేసింది, ఫ్రీ ఖాతాలతో జరిగే మోసాలని, దుర్వినియోగాన్ని అదుపు చేయడానికే చాలా శ్రమ పోతోందని కారణం చెప్పింది. దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచిన ఉదాహరణ పిన్‌బోర్డ్. అది బుక్‌మార్కులు దాచుకునే చిన్న సర్వీసు, 2009లో మొదలైంది, చేరడానికే ఫీజు పెట్టింది, యూజర్లు పెరిగేకొద్దీ ఆ ఫీజూ కాస్త కాస్త పెరుగుతూ పోయింది. స్పామ్ కోసం ఖాతాలు తెరిచేవాళ్లు డబ్బు కట్టి రారు కదా.

ఏ నెలలో అడగాలి

ఈ ప్రశ్నకి జవాబు మీ ప్రొడక్టులో ఉండదు, కస్టమర్ చేతిలో డబ్బు ఎప్పుడు ఆడుతుందన్న దాంట్లో ఉంటుంది. మన దగ్గర స్కూళ్లు జూన్ రెండో వారంలో తెరుస్తారు, మొదటి టర్మ్ ఫీజులు జూన్, జూలైలో వస్తాయి. ఏప్రిల్, మేలో ఫీజులు రావు, టీచర్ల జీతాలకే కటకట. కానీ పుస్తకాలు ఎవరి దగ్గర తీసుకోవాలి, యూనిఫాం ఎవరికివ్వాలి అన్న నిర్ణయాలు ఆ ఎండాకాలంలోనే జరిగిపోతాయి. కాబట్టి ధర ఫిబ్రవరిలో నిర్ణయించుకోండి, మార్చిలో నోటితో చెప్పండి, ఏప్రిల్‌లో కాగితం మీద ఇవ్వండి, ఇన్వాయిస్ జూన్ చివర్లో పంపండి. సెప్టెంబరులో వెళ్లి అడిగితే ఎంత మంచి ప్రొడక్టయినా "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు, అందులో ఆయన తప్పు లేదు.

బట్టల షాపులకి చేసేవాళ్లయితే ఆషాఢంలో కదిలించకండి, ఆ నెలంతా పాత సరుకు తగ్గింపులో అమ్ముకునే హడావుడి, కొత్త ఖర్చులకి శ్రావణం వచ్చాకే మనసొప్పుతుంది. రైతుల దగ్గర తీసుకునే సర్వీసయితే ఖరీఫ్ ధాన్యం డబ్బు ఖాతాల్లో పడేదాకా ఆగాలి. అమెరికాలోని కంపెనీలకి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకి ఈ బాధ తక్కువ, అక్కడ 14 రోజుల ట్రయల్, ఆపైన కార్డు నంబరు అన్నది మామూలు పద్ధతి, మీరు అక్కడ నెలల తరబడి ఫ్రీ అంటే ఇది నిలబడే కంపెనీయేనా అని అనుమానపడతారు.

పైలట్, అంటే కొన్నాళ్లు వాడి చూసే అవకాశం, ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి, కానీ పైలట్ మొదలయ్యే రోజే ముగిసే రోజు, ఆ తర్వాత కట్టాల్సిన మొత్తం రెండూ కాగితం మీద ఉండాలి. నేనయితే ఇంకో అడుగు ముందుకేసి, డబ్బు ముందే తీసుకుని "60 రోజుల్లో నచ్చకపోతే మొత్తం వాపసు" అని రాసివ్వమంటాను. 60 రోజులు ఫ్రీగా ఇచ్చినా, వాపసు షరతు పెట్టినా మీకు రిస్కు ఒకటే, కానీ డబ్బు కట్టిన కరస్పాండెంట్ ఆ 60 రోజులూ క్లర్కు చేత వాడిస్తాడు. ఫ్రీ పైలట్లు చాలావరకు పాడయ్యేది ప్రొడక్టు బాగోలేక కాదు, ఎవరూ తెరిచి చూడక.

ఎంత అడగాలి

దీని మీద వారాల తరబడి కూర్చోకండి. కస్టమర్ తన వ్యాపారాన్ని దేనితో లెక్కేసుకుంటాడో దానితోనే ధర చెప్పండి. కరస్పాండెంట్ అన్నీ పిల్లాడి లెక్కన ఆలోచిస్తాడు, డైరీ ఇంత, ఐడీ కార్డు ఇంత అని, అందుకే పిల్లాడికి 40 రూపాయలంటే ఆయనకి వెంటనే అర్థమవుతుంది, "బేసిక్ ప్లాన్, ప్రో ప్లాన్" అంటే అర్థం కాదు. తెలుగు ఓటీటీ యాప్ ఆహా తొలిరోజుల్లో ఏడాదికి 365 రూపాయలు పెట్టింది, రోజుకి రూపాయి అని ఎవరైనా నోటితో చెప్పుకునే ధర.

400 మంది పిల్లలకి 16 వేలు, అందులో పది నెలల మెసేజ్‌లకి ఆరు వేలు పోతే పది వేలు మిగులుతాయి. ఆ పది వేలలో ఏడాదికి రెండుసార్లు ఆ ఊరు వెళ్లిరావడం, ఫోన్లో సపోర్టు, సర్వర్ ఖర్చు రావాలి. రాకపోతే ధర తక్కువన్నమాట. వ్యాపారాలకి నెలకి 99 రూపాయల ధర పెట్టేవాళ్లని చూస్తే బాధగా ఉంటుంది, అది వసూలు చేయడానికి చేసే ఫోన్లకే అంతకంటే ఎక్కువ ఖర్చవుతుంది. మొదటి పది స్కూళ్లలో ఒక్కరు కూడా బేరం ఆడకుండా కట్టేస్తే పదకొండో స్కూలుకి ధర పెంచండి. సగం మంది గొణుక్కుంటూ కట్టారంటే ధర సరిగ్గా ఉంది. పది మందిని గట్టిగా అడిగినా ఒక్కరూ కట్టలేదంటే మాత్రం ధర తగ్గించి మళ్లీ తిరగొద్దు, 16 వేలకి వద్దన్నవాడు చాలాసార్లు ఆరు వేలకీ వద్దంటాడు, మీరు చేసే పని ఆయనకి అంత అవసరం లేదని అర్థం. ఆ పది మందినీ కూర్చోబెట్టి ఏ పనికి ఇప్పటికే డబ్బు ఖర్చు పెడుతున్నారో కనుక్కోండి.

"లైఫ్‌టైమ్ ఫ్రీ" అని ఎవరికీ రాసివ్వకండి. ఎంత ఇష్టమైన యూజరైనా సరే.

ఇప్పటికే ఫ్రీగా వాడుతున్నవాళ్లతో

కనీసం మూడు నెలల ముందు చెప్పండి. వాట్సాప్ మెసేజ్ ఒకటి పంపి ఊరుకోకండి, ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయండి, యాభై మంది అంటే రెండు రోజుల పని. గూగుల్ ఫోటోస్ చేసిన పద్ధతి చూడండి: అన్‌లిమిటెడ్ ఫ్రీ స్టోరేజీ ఆపుతున్నామని 2020 నవంబరులో చెప్పి, 2021 జూన్ 1 నుంచి అమలు చేశారు, ఆ తేదీకి ముందు హై క్వాలిటీలో ఎక్కించిన ఫోటోల్ని లెక్కలోకి తీసుకోలేదు. మీరూ అంతే, నిన్నటిదాకా ఫ్రీగా ఎక్కించినదాన్ని తాళం వేయకండి. కట్టని స్కూలు పాత రసీదులు చూసుకోవచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, కొత్త రసీదు మాత్రం కొట్టలేదు. పిల్లల ఫీజు లెక్కలు పట్టుకుని డబ్బు కట్టించుకోవడం అన్యాయం, ఆ మాట చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాకడానికి ఒక వారం చాలు, ఎందుకంటే కరస్పాండెంట్లు అంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే.

మొదట్లో మీతో ఉన్నవాళ్లకి తగ్గింపు ఇవ్వండి, దానికీ గడువు పెట్టండి: మొదటి ఏడాది సగం, రెండో ఏడాది నుంచి పూర్తి ధర. అప్పుడు సగం మందికి పైగా వెళ్లిపోవచ్చు. వెళ్లినవాళ్ల సంఖ్య చూసి కుంగిపోకుండా, వెళ్లినవాళ్లు అంతకుముందు నెలలో ఎన్ని రసీదులు కొట్టారో చూడండి. అసలు వాడనివాళ్లు వెళ్తే మీ సర్వర్ ఖర్చు తగ్గింది. రోజూ వాడుతూ కూడా వెళ్లిపోయినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ల దగ్గరికి బస్సెక్కి వెళ్లి మాట్లాడటం తప్పనిసరి.

డబ్బు చేతికి రావడం

ధర ఒప్పుకున్నా కట్టే దారి కుదరక ఆగిపోయేవి చాలా ఉంటాయి. వాట్సాప్ కూడా ఒకప్పుడు మొదటి ఏడాది తర్వాత సంవత్సరానికి ఒక డాలరు తీసుకునేది, 2016 జనవరిలో తీసేసింది, చాలామంది యూజర్ల దగ్గర డెబిట్, క్రెడిట్ కార్డులే లేవన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. మనకిప్పుడు యూపీఐ ఉంది, 2020 జనవరి నుంచి దాని మీద వ్యాపారులకి ఎండీఆర్ (డబ్బు అందుకున్నందుకు బ్యాంకు కోసుకునే ఛార్జీ) లేదు, స్కూలు నేరుగా మీ కరెంట్ ఖాతాకి పంపితే మొత్తం మీకే వస్తుంది. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే పెట్టుకుంటే సాధారణంగా 2 శాతం, దాని మీద జీఎస్టీ పోతాయి. మొదటి ఇరవై స్కూళ్ల దాకా గేట్‌వే కలపడానికి వారాలు తగలేయొద్దు, ఇన్వాయిస్ కింద క్యూఆర్ కోడ్, ఖాతా నంబరు వేస్తే సరిపోతుంది. నెల నెలా ఆటోమేటిగ్గా తీసుకోవాలంటే రిజర్వు బ్యాంకు ఈ-మాండేట్ నిబంధనలు ఉన్నాయి, డెబిట్‌కి 24 గంటల ముందు కస్టమర్‌కి సమాచారం వెళ్లాలి, మామూలుగా 15 వేలు దాటే మొత్తానికి ప్రతిసారీ ఓటీపీ అడుగుతుంది. అందుకే చిన్న వ్యాపారాలకి ఏడాదికోసారి ఇన్వాయిస్ పద్ధతే నా సలహా. ఆండ్రాయిడ్ యాప్‌లో చందా అమ్మే వాళ్లయితే ప్లే స్టోర్ బిల్లింగ్‌కి 15 శాతం దాకా పోతుందని ధరలోనే కలుపుకోండి.

జీఎస్టీ గురించి భయపడి అడగడం వాయిదా వేసేవాళ్లున్నారు. సర్వీసులకి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అంటే స్కూలుకి 16 వేల లెక్కన 125 స్కూళ్ల దాకా సాధారణంగా ఆ అవసరం రాదు, మీ పరిస్థితిలో వేరే మెలిక ఉందేమో ఆడిటర్‌ని ఒకసారి అడగండి. రిజిస్టర్ అయ్యాక సాఫ్ట్‌వేర్ సర్వీసు మీద 18 శాతం వేయాలి. ఇక్కడ స్కూళ్లతో ఒక చిక్కుంది, చదువు చెప్పే సర్వీసుకి జీఎస్టీ మినహాయింపు కాబట్టి మీకు కట్టిన జీఎస్టీని వాళ్లు వెనక్కి తీసుకోలేరు, 16 వేలు కాస్తా వాళ్లకి 18,880 అయి కూర్చుంటుంది. ఆ రోజు వస్తుందని తెలుసు కాబట్టి మొదటి ఒప్పంద కాగితంలోనే "పన్నులు అదనం" అని రాసి ఉంచండి. పెద్ద సంస్థలు టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని మిగతాది ఇస్తాయి, అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది, కానీ ఆ నెల జీతాలకి చేతిలో ఉండదు. చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, అది ఉంటే చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు చెల్లించాలన్న చట్టాన్ని మర్యాదగా గుర్తు చేయొచ్చు.

మొదటి ఏడాది కట్టినవాళ్లని చూసి ధైర్యంగా మనుషుల్ని పెంచేయకండి, మొదటిసారి కొంతమంది మీ మొహం చూసి కడతారు. రెండో జూన్ కోసం మార్చి నుంచే పని మొదలుపెట్టండి: ప్రతి స్కూలుకీ ఆ ఏడాది కొట్టిన రసీదులు, వసూలైన బకాయిలు ఒక పేజీలో వేసి పంపండి, ఏప్రిల్‌లో కరస్పాండెంట్‌ని స్వయంగా కలవండి, పెంచాలనుకున్న ధర ఉంటే ఆ రోజే చెప్పండి, జూన్ చివర్లో ఇన్వాయిస్ పంపి జూలై 15 దాకా ఎన్ని స్కూళ్లు మీరు ఫోన్ చేయకుండానే కట్టాయో లెక్కపెట్టుకోండి. కొత్త ఉద్యోగిని తీసుకోవాలా వద్దా అన్నది ఆ అంకె చూశాకే నిర్ణయించండి.